రెండు వేళ్ళ గుడ్డ

మా అమ్మమ్మ కుట్టిన బట్టను గుర్తుపట్టాలంటే తిరగేసి చూడాలి. పైనుంచి అది అందరూ కుట్టే కుట్టే. లోపల మాత్రం పక్క కుట్ల వెంట రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలి ఉంటుంది. ఆ వదిలిన గుడ్డ అంచు కూడా సన్నగా మడిచి, పోగులు ఊడకుండా చేత్తో కుట్టి ఉంటుంది. ఎవరికీ కనపడని చోట ఇంత పని ఎందుకే అని పక్కింటివాళ్ళు అడిగితే, "ఒళ్ళు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుందా ఏంటి? రేపు విప్పుకోవద్దూ?" అనేది.

ఆ రెండు వేళ్ళ లెక్క అమ్మమ్మది కూడా కాదు. వాళ్ళమ్మది. మేం తాతమ్మ అనేవాళ్ళం. నేను పుట్టేసరికే తాతమ్మ లేదు. ఆమె ముఖం కూడా నాకు తెలీదు, ఫొటో ఒక్కటి కూడా లేదు. నాకు తెలిసింది ఆమె కుట్టిన బొంత. తెనాలికి ఆరు మైళ్ళ దూరంలో, కాలవ గట్టున ఉన్న అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో నేను చలికాలం పడుకున్నది ఆ బొంత మీదే.

కోతలు, నూర్పిళ్ళు అయిపోయి, ధాన్యం గాదెల్లోకి చేరాక ఆడవాళ్ళకు కాస్త తీరిక దొరికేది. బొంతలు కుట్టేది అప్పుడే. నాలుగైదు పాత నేతచీరలు ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి, నడవలో ఒకదాని మీద ఒకటి పరిచేవాళ్ళు. బాగా చివికిపోయినవి మధ్యలోకి, కాస్త గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ. అంచులు లోపలికి మడిచి, నాలుగు మూలలా నలుగురు కూచుని, పెద్ద సూదితో ఉండదారం వేసి మొదలుపెట్టేవాళ్ళు. ముందు చుట్టూ, తర్వాత ఆ కుట్టుకు నాలుగు వేళ్ళు లోపలగా ఇంకో చుట్టు, అలా మధ్యకు వచ్చేదాకా. మధ్యలో చీర ముడతపడితే అక్కడి దాకా కుట్టిందంతా విప్పాల్సిందే. తాతమ్మ విప్పించేదట. కొత్త కోడలైనా సరే, ఊళ్ళో పెద్దింటి ఆడపడుచైనా సరే.

ఆ బొంతలో ఒక మూల మిగతా మూడు మూలలకంటే మందంగా ఉండేది. చిన్నప్పుడు దాన్నే తలగడలా మడిచి పెట్టుకునేదాన్ని. అది ఎందుకలా ఉందో చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. తాతమ్మ కాలంలో బొంత చిరిగితే ఆ మూల నుంచే గుడ్డ తీసి అతుకు వేసుకోవాలట. అందుకని ముందే అక్కడ ఇంకో పొర దాచి కుట్టేసేదట. అతుకు గుడ్డ కోసం ఇల్లంతా వెతుక్కోనక్కరలేదు, బొంతలోనే ఉంది. అది విన్న రోజున నేను లేచి వెళ్ళి ఆ మూలను చేత్తో తడిమి చూసుకున్నాను.

అమ్మమ్మకు సూది విషయంలో కొన్ని పట్టింపులు ఉండేవి. సూదిని చేతికి అందించేది కాదు. కింద పెడితే మనం తీసుకోవాలి, చేతికిస్తే పోట్లాటలొస్తాయట. మంగళవారం కొత్త బట్టకు కత్తెర పెట్టేది కాదు. దీపాలు పెట్టే వేళ సూది పట్టేది కాదు. చొక్కా ఒంటిమీద ఉండగా గుండీ కుట్టమని తాతయ్య వచ్చి నిలబడితే, "విప్పివ్వండి" అని చెయ్యి చాపేది. కొత్త బట్ట ఏది కుట్టినా నాలుగు మూలలా దుగ్గిరాల పసుపు పెట్టకుండా ఎవరికీ ఇచ్చేది కాదు. ఆ పసుపు చుక్క ఉతికినా పూర్తిగా పోదు. ఇప్పుడు నా పెట్టెలో ఉన్న పాతబట్టల్లో ఏది అమ్మమ్మ చేతిదో ఆ లేత మరకే చెబుతుంది.

మిషను ఇంటికి వచ్చింది 1949లో. అంతకుముందు అమ్మమ్మ అన్నీ చేత్తోనే కుట్టేది. తెనాలిలో ఒక కుటుంబం ఊరు మారిపోతూ సామాను అమ్మేస్తున్నారని తెలిసి, పెయ్యదూడను అమ్మిన డబ్బుతో ఆ సింగర్ మిషను కొనుక్కుంది. కాళ్ళతో తొక్కేది కాదు, చేత్తో తిప్పే మిషను. పైన బోర్లించే చెక్కపెట్టె, దానికో తాళం. తాతయ్య ఖద్దరు తప్ప కట్టని మనిషి. మనింట్లోకి యంత్రం ఎందుకని పొద్దుటి నుంచి రాత్రిదాకా నసిగారట. అప్పుడు అమ్మమ్మ, ఊళ్ళో బడిపంతులుగారు ఎప్పుడో చెప్పగా విన్న మాట ఒకటి బయటకు తీసింది. 1924లో యంత్రాల గురించి ఒక కుర్రవాడు ప్రశ్నలు వేస్తే గాంధీగారు కుట్టుమిషనును మినహాయించారు. భార్య చేత్తో కుట్టలేక పడుతున్న కష్టం చూసి, ఆమె మీద ప్రేమతో సింగర్ ఆ మిషను చేశాడని ఆయన చెప్పారు. "మీ గాంధీగారే ఒప్పుకున్నారు. మీరేంటి మధ్యలో?" అందట అమ్మమ్మ. తాతయ్య ఇంకేం మాట్లాడలేదు. నెల తిరిగేసరికి ఆయన ఖద్దరు చొక్కాలన్నీ ఆ మిషను మీదే కుట్టించుకున్నారు.

నల్లటి ఆ మిషను ఒంటిమీద బంగారు రంగులో ఒక బొమ్మ ఉండేది. సింహం ఒళ్ళు, మనిషి తల, రెక్కలు. ఈజిప్టు వాళ్ళ స్ఫింక్స్ అని పెద్దయ్యాక తెలిసింది. మాకు తెలిసిన సింహమూ మనిషీ కలిసిన దేవుడు ఒక్కడే, మంగళగిరి కొండ మీద పానకం తాగే నరసింహస్వామి. ఆయనకు తల సింహానిది, ఒళ్ళు మనిషిది. ఇక్కడ అటుదిటు అయింది. "అమ్మమ్మా, స్వామి ఎందుకు ఇలా మారాడు?" అని అడిగితే, "ఆయన ఇష్టం. ఎలా కావాలంటే అలా వస్తాడు" అంది తడుముకోకుండా. దసరాల్లో ఆయుధపూజ నాడు మిషనుకు పసుపు రాసి, ఆ బొమ్మ పక్కన కుంకుమబొట్టు పెట్టి, చక్రానికి బంతిపూలు చుట్టేది. ఆ రోజంతా మిషను ముట్టుకునేవాళ్ళం కాదు. దానికీ సెలవు.

ఈ మధ్య దాని గురించి చదివాను. సింగర్ కంపెనీకి స్కాట్లండులో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. మన దేశానికి వచ్చిన ఆ కాలపు మిషన్లలో చాలామటుకు అక్కడివే. 1980లో అది మూతపడింది. ఫ్యాక్టరీ లేదుగానీ ఆ ఊళ్ళో సింగర్ అనే పేరుతో రైల్వేస్టేషను ఇప్పటికీ ఉందట. అమ్మకు ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, "మిషను పేరు మీద స్టేషనా! మంచి పని చేశారు" అంది.

అమ్మది వేరే చెయ్యి. అమ్మమ్మ కంటితో కొలిచేది, అమ్మ టేపుతో కొలిచేది. పెళ్ళయి తెనాలి వచ్చాక అమ్మ మిషను క్లాసుకు వెళ్ళి, ప్రభుత్వం పెట్టే టైలరింగ్ లోయర్ పరీక్ష పాసయింది. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. ఆయన జీతం, మా ముగ్గురు పిల్లల చదువులు, ఇంటద్దె. 1971లో వాయిదాల మీద ఉషా మిషను కొన్నారు. కలకత్తాలో తయారైన మిషను, కాళ్ళతో తొక్కేది. దాని తోలుబెల్టు టిక్కుటిక్కుమని తిరుగుతుంటే నాకు నిద్ర పట్టేది. ఆగితే మెలకువ వచ్చేది. ఆగిందంటే దారమన్నా తెగి ఉండాలి, బాబిన్‌లో దారం అయిపోయన్నా ఉండాలి, లేకపోతే అమ్మ మిషను మీదే తలపెట్టి నిద్రపోయి ఉండాలి.

వీధిలో వాళ్ళంతా కొలతకు ఆది జాకెట్టు పట్టుకొచ్చేవాళ్ళు. కొత్తగా కుట్టాల్సిన గుడ్డలో ఆదిని చుట్టి, పైన దారం కట్టి, పేరు రాసిన కాగితం గుచ్చి గూట్లో పెట్టేది అమ్మ. పండగలకు ఆ గూడు పొంగిపొర్లేది. వీధిలో ఆడవాళ్ళందరి జీవితాలూ ఆ గూట్లో ఉన్నట్టుండేది. ఎవరు పురిటికి పుట్టింటికి వెళ్ళారో, ఎవరు చిక్కిపోయారో, ఎవరికి ఈ ఏడు కొత్త గుడ్డ రాలేదో ఆది జాకెట్టు చూసి అమ్మ చెప్పేది. చెప్పేది మాకే, బయట ఎవరితోనూ అనేది కాదు. ఒకావిడ ఆది ఇస్తూ, "ఇదే సైజు వద్దు వదినా, కొంచెం తగ్గించు" అని నవ్వింది. ఆవిడ వెళ్ళాక అమ్మ ఆ జాకెట్టును చాలాసేపు చేతిలో పట్టుకుని కూచుంది. ఆ నెలలో ఏదో ఒక వంకతో వాళ్ళింటికి రోజూ గిన్నెడు కూర పంపించింది. నాకప్పుడు ఎందుకో తెలీదు.

కుట్టుకు ముందు తడపడం అమ్మ దగ్గర మొదటి పాఠం. నూలు గుడ్డ ఏదైనా సరే, ఒక రాత్రి నీళ్ళలో నానేసి, నీడన ఆరేసి, అప్పుడు కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుక్కే కుంచించుకుపోతుంది. లోపలి లైనింగు గుడ్డకు ఇది మరీ ముఖ్యం. పైగుడ్డ నిలిచి లైనింగు కుంచించుకుంటే జాకెట్టు ముడుచుకుని వికారంగా తయారవుతుంది. గీతలు గీయడానికి సుద్ద వాడేది కాదు. స్నానాలగదిలో అరిగిపోయి సన్నబడ్డ సబ్బుముక్కలు దాచి వాటితో గీసేది. గీత సన్నగా పడుతుంది, ఉతికితే ఆనవాలు ఉండదు. వార్తాపత్రికలు కత్తిరించి మెడకూ చేతులకూ నమూనాలు చేసుకునేది. ఛాతీ 34 అంగుళాలైతే నాలుగో వంతు ఎనిమిదిన్నర, దానికి ఒకటిన్నర కలుపు అని నాచేత లెక్క కట్టించేది. మిగతా దేశమంతా మీటర్లకు మారినా జాకెట్టు గుడ్డ తప్ప ఏదీ మా ఇంట్లో సెంటీమీటర్లలోకి రాలేదు. 80 సెంటీమీటర్ల టూబైటూ గుడ్డ కొనడం, దాన్ని అంగుళాల్లో కత్తిరించడం. ఇప్పటికీ అంతే.

ఆ ఒకటిన్నర అంగుళం దగ్గరే అమ్మకూ అమ్మమ్మకూ వాదన. క్లాసులో చెప్పింది ఒకటే అంగుళం, అమ్మ ఒకటిన్నర వదిలేది. అమ్మమ్మ వచ్చి వేళ్ళు పెట్టి చూసేది. "ఇంకొంచెం ఎక్కువ వదులు. ఆ పిల్లకు ఇంకా ఇరవై రాలేదు." "అంత వదిలితే చంక కింద ఉబ్బుగా కనపడుతుందమ్మా." "కనపడనీ. పండక్కి పనికొస్తే చాలా, పదేళ్ళు రావద్దూ?" ఈ మాటలు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ అమ్మే తగ్గేది.

మా లంగాల విషయంలో అయితే ఇద్దరిదీ ఒకే మాట. బడికి వెళ్ళే ఆడపిల్లకు లంగా కుడితే కింద మూడు టక్కులు పడాల్సిందే. అంచుకు పైన గుడ్డను అంగుళం మేర మడిచి అడ్డంగా కుట్టేయడం, దాని పైన ఇంకొకటి, ఆ పైన ఇంకొకటి. ఏటా వేసవి సెలవులు అయ్యాక, బడి తెరిచేముందు ఒక టక్కు విప్పేవాళ్ళు. ఆ మడతలో దాగిన గుడ్డకు ఎండ తగిలి ఉండదు కదా, విప్పగానే కొత్త రంగు చారలా బయటపడేది. నా ఆకుపచ్చ పాప్లిన్ లంగాకు ఏడో తరగతికి వచ్చేసరికి అలా మూడు చారలు. క్లాసులో ఎవరో ఆ చారలు చూపించి నవ్వారని నేను ఏడుస్తూ ఇంటికొచ్చాను. అమ్మమ్మ నన్ను గోడకు నిలబెట్టి, లంగా చారలు ఒక్కోటీ వేలితో చూపిస్తూ, "ఇది నీ నాలుగో క్లాసు. ఇది అయిదు. నువ్వు మలేరియా జ్వరంతో పడుకుని లేచి ఒక్కసారిగా పొడుగయ్యావే, ఇదిగో అది ఇక్కడ" అంది. ఆ లంగా అమ్మ ఇంకా దాచింది.

1977 నవంబరు గురించి చెప్పకపోతే ఇదంతా చెప్పినట్టే కాదు.

19వ తారీకు, శనివారం. నాకు పదేళ్ళు. తుఫాను గాలికి మా పెంకులు ఎగిరిపోయాయి, వీధిలో చెట్లన్నీ ఒకే దిక్కుకు పడిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి. మాకు జరిగింది ఇంతే. కృష్ణకు ఆవలివైపు దివిసీమలో సముద్రమే ఊళ్ళ మీదికి వచ్చింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అనే పేర్లు నేను మొదటిసారి విన్నది అప్పుడే, పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే. వేలమంది పోయారు. మిగిలినవాళ్ళకు ఒంటిమీద బట్ట కూడా లేదని, ఏదున్నా ఇమ్మని కాలేజీ కుర్రాళ్ళు జోలెలు పట్టుకుని ఇంటింటికీ వచ్చారు.

అమ్మమ్మ ఊరి నుంచి సింగర్ మిషనును బండిలో వేసుకుని వచ్చేసింది. దారిలో పడిన చెట్లు తప్పించుకుంటూ, అక్కడక్కడా దిగి నడుస్తూ. దాన్ని మా ఇంట్లో ఉషా పక్కన పెట్టింది. మొదటిసారి రెండు మిషన్లూ ఒక గదిలో ఉన్నాయి. బట్టల కొట్టువాళ్ళు తడిసిన తానులు ఇచ్చారు. పాప్లిను, లాంగ్‌క్లాతు, చీటీగుడ్డ. కరెంటు లేదు, కిరసనాయిలు దీపాలు. దీపాలు పెట్టాక సూది పట్టకూడదన్న పట్టింపు ఆ వారం ఎవరికీ గుర్తు రాలేదు, అమ్మమ్మతో సహా.

అమ్మ కత్తెర పట్టుకుని ఆగిపోయింది. "ఆది ఏదమ్మా? ఎవరి కొలత అని కత్తిరించను?" నిజమే. అమ్మ చేతికి ఎప్పుడూ ఒక ఆది కావాలి, ఒక పేరు కావాలి. ఇక్కడ వేసుకునేది ఎవరో తెలీదు, ఎంత పొడుగో తెలీదు. అమ్మమ్మ అంది, "నాలుగేళ్ళ పిల్ల, ఎనిమిదేళ్ళ పిల్ల, పన్నెండేళ్ళ పిల్ల. మూడే కొలతలు కుట్టు. నడుం దగ్గర బొందు పెట్టు, బిగించుకుంటారు. లోపల మూడు వేళ్ళు వదులు."

రెండు కాదు, మూడు. అమ్మమ్మ నోటి వెంట ఆ లెక్క మారడం నేను విన్నది అదొక్కసారే.

ఎనిమిదేళ్ళ కొలతకు నా చెల్లెలిని, పన్నెండేళ్ళ కొలతకు పక్కింటి అమ్మాయిని నిలబెట్టారు. పిన్నీసుతో బొందులు లాగే పని నాది. బొందు కొసకు పిన్నీసు గుచ్చి, నడుంపట్టీ మడతలోంచి కొంచెం కొంచెంగా జరుపుతూ అటువైపు తీయాలి. మధ్యలో పిన్నీసు విడిపోతే మళ్ళీ మొదటికి. నా వేళ్ళు బొబ్బలెక్కాయి. నిద్రపొమ్మన్నా పోలేదు. నాలుగు రోజుల్లో ఎన్ని కుట్టారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక్కోదానికీ మూలన పసుపు మాత్రం పెట్టింది అమ్మమ్మ. మూటలు కట్టి కుర్రాళ్ళకు ఇచ్చేటప్పుడు నేను అడిగాను, మూడు వేళ్ళు ఎందుకని. "వాళ్ళకు ఇంకో లంగా ఎప్పటికి వస్తుందో ఏమో" అంది.

అమ్మమ్మకు డెబ్బై దాటాక చూపు మందగించింది. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండో కన్ను ఒప్పుకోలేదు. సూదిలో దారం ఎక్కించడం తప్ప మిగతాదంతా చెయ్యగలిగేది. కుట్టు వేలికి తెలుసు, బెజ్జం కంటికి తెలియాలి అనేది. అప్పటికి నేను చదువైపోయి ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. అమ్మమ్మ మా ఇంట్లోనే ఉండేది. పొద్దున్న ఆఫీసుకు బయల్దేరేముందు పది సూదుల్లో దారాలు ఎక్కించి, తలగడకు వరసగా గుచ్చి వెళ్ళేదాన్ని. అయిదు తెల్లదారం, మూడు నల్లది, ఒకటి ఎర్రది, ఇంకొకటి ఆ రోజు కుట్టే గుడ్డ రంగుది. సాయంత్రం వచ్చేసరికి తలగడ మీద ఎన్ని సూదులు ఖాళీ అయ్యాయో చూస్తే ఆమె ఆ రోజు ఎలా ఉందో తెలిసేది. ఎనిమిదో తొమ్మిదో అయితే బాగున్నట్టు. రెండే అయితే వెళ్ళి పక్కన కూచునేదాన్ని. 

1989లో నా పెళ్ళి. తలంబ్రాల చీర జాకెట్టు ఎవరికీ ఇవ్వనంది అమ్మమ్మ. కుంకుమరంగు పట్టు. అమ్మ కత్తిరించింది. పక్క కుట్లు అమ్మమ్మ సింగర్ మీద వేసింది, కళ్ళు దగ్గరగా పెట్టి, చక్రాన్ని ఒక్కో పన్నూ లెక్కపెడుతున్నట్టు తిప్పుతూ. కాజాలు, హుక్కులు నేనే కుట్టుకున్నాను. పెళ్ళికూతురు తన జాకెట్టుకు తానే హుక్కులు కుట్టుకోవడమేంటని మా మేనత్త అంటే, అమ్మమ్మ "అదే మంచిది. రేపు ఊడితే ఎవరినీ అడక్కుండా కుట్టుకుంటుంది" అంది.

ఆ జాకెట్టు మూడుసార్లు విప్పాను. పాప పుట్టిన మరుసటి ఏడు, 1993లో ఒకసారి. 2001లో ఇంకోసారి. 2010లో చివరిసారి, అప్పటికి వేలెడు గుడ్డ కూడా మిగల్లేదు. విప్పిన ప్రతిసారీ లోపలి రంగు బయటపడేది, పెళ్ళినాటి ఎరుపు. పైభాగమంతా ఇటుకరంగుకు తిరిగింది. పక్కన మాత్రం కుంకుమ గీత. నా లంగా చారలే మళ్ళీ.

అమ్మమ్మ 1996లో పోయింది. పోయేముందు పెద్దగా ఏం కుట్టలేదు. మా పాప పురుడప్పుడు మాత్రం తన మంగళగిరి చీరలు రెండు చింపి పొత్తిగుడ్డలు చేసింది. సన్నటి నిజాం అంచు పిల్ల ఒంటికి గుచ్చుకుంటుందని ఆ అంచంతా తీసేసి, మెత్తటి భాగమే మడిచి కుట్టింది. తీసేసిన అంచు పారెయ్యలేదు. తర్వాత అది మా పాప తలగడ గలీబుకు పైపింగు అయింది.

నేను అమ్మలా జాకెట్లు కుట్టి ఇల్లు నడపలేదు. ఉద్యోగం, బదిలీలు, అద్దె ఇళ్ళు. మిషను మీద కూచున్నది ఆదివారాలే. నా చీరలకు ఫాల్సు, కర్టెన్లు, పిల్లల యూనిఫారాలకు అతుకులు. మా పాపకు అసలు ఆసక్తి ఉండేది కాదు. దానిమీద నేను ఎప్పుడూ ఒత్తిడి చెయ్యలేదు, చెయ్యాల్సిందేమోనని ఒక్కోసారి బాధపడేదాన్ని. కాలేజీ రోజుల్లో ఒక ఫంక్షనుకు మంచి పట్టుగుడ్డ కొని, నగరంలో ఒక దుకాణంలో జాకెట్టు కుట్టించుకుంది. చాలా అందంగా ఉంది, వెనక మగ్గం వర్కు కూడా. రెండేళ్ళకు బిగుతైపోయింది. విప్పి ఇమ్మని తెచ్చిచ్చింది. తిరగేశాను. కుట్టు పక్కనే అంచు కత్తిరించి ఓవర్‌లాక్ చేసేశారు. వదలడానికి పావంగుళం కూడా లేదు. అంత ఖరీదైన గుడ్డ, అంత పని. నాకు కోపం వచ్చింది, నిజంగా వచ్చింది. ఆ గుడ్డ నేసినవాళ్ళమీద, ఆ వర్కు చేసినవాళ్ళమీద ఏ మాత్రం గౌరవం ఉన్నా ఆ పని చెయ్యరు. పాప నా ముఖం చూసి, "అమ్మా, నువ్వు అచ్చం తాతమ్మలా ఉన్నావు ఇప్పుడు" అంది. దానికి తాతమ్మ అంటే మా అమ్మమ్మ. ఫొటోలో తప్ప గుర్తులేదు.

2019లో పాప పెళ్ళి కుదిరింది. పెళ్ళికి కావలసినవన్నీ కొత్తవే కుట్టించాం. గృహప్రవేశం అయ్యాక సత్యనారాయణ వ్రతానికి మాత్రం నా తలంబ్రాల చీర కట్టుకుంటానంది. చీర సరే, జాకెట్టు? నేను మూడుసార్లు విప్పిన జాకెట్టు దాని ఒంటిమీద వేలాడిపోతోంది. దాన్ని బిగించాలి.

అమ్మకు అప్పటికి 76. చేతులు వణుకుతాయి, మిషను తొక్కడం మానేసి చాలా ఏళ్ళయింది. జాకెట్టు తిరగేసి ఒళ్ళో పరుచుకుంది. కళ్ళజోడు పైకి తోసి, పక్క కుట్టు దగ్గర గుడ్డను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టింది. వెలుతురులో చుక్కల వరసలు కనపడ్డాయి. నేను విప్పిన ప్రతి కుట్టూ వదిలి వెళ్ళిన సూది బెజ్జాలు. ఒకటి 1993ది, ఒకటి 2001ది. అన్నిటికంటే లోపలిది, సన్నగా, తిన్నగా, అంగుళానికి పన్నెండు లెక్కన పోతున్న వరస.

"ఇది అమ్మ కుట్టు" అంది అమ్మ, గోరుతో ఆ వరసను తాకుతూ. "దీనిమీదే వెయ్యి. నీ పెళ్ళినాటి ఒళ్ళూ దీని ఒళ్ళూ ఒకటే."

మిషను మీద వేస్తే సూది తన దారిన తాను పోతుంది, కొత్త బెజ్జాలు పడతాయి, పట్టు నిలవదు. చేత్తోనే వెయ్యాలనుకున్నాను. నా కళ్ళకూ ఇప్పుడు బెజ్జం దొరకడం లేదు. అది చూసి పాప లేచి వెళ్ళి సూదుల పొట్లం తెచ్చింది. ఫోను పక్కన పడేసి, ఎర్రదారం తీసుకుని ఒక్కోదానికీ ఎక్కించి, నా పక్కనున్న తలగడకు వరసగా గుచ్చడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. పది సూదులు. నేనెప్పుడైనా దానికి ఆ సంగతి చెప్పానేమో, గుర్తులేదు.

ఒక్కో బెజ్జంలోంచి సూదిని పైకి తీసి, పక్క బెజ్జంలోకి దించి, మళ్ళీ వెనక్కి. మధ్యాహ్నం మొదలుపెడితే రెండు పక్కలూ అయ్యేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. అమ్మ కుర్చీలోంచి కదల్లేదు. ఎక్కడైనా నేను బెజ్జం తప్పితే, చూడకుండానే "ఆగు" అనేది.

పాప జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. కుడిచెయ్యి పైకెత్తి ముఖం చిట్లించింది.

"అమ్మమ్మా, ఈ చంక దగ్గర కొంచెం పట్టేసినట్టుంది."

అమ్మ కళ్ళజోడు సర్దుకుని దాన్ని దగ్గరకు రమ్మంది. వణుకుతున్న చేత్తో జాకెట్టు అంచు పైకి తిప్పి, లోపల రెండు వేళ్ళు పెట్టి చూసింది.

"లోపల గుడ్డ ఉందిగా. విప్పివ్వు."